కరెంటు రాజధానికి, నష్టాల లెక్క కొండ ఊళ్లకా?

రోజుకు 49 మంది. ఒక కొండ ప్రాంతపు రైలును పాడె ఎక్కించడానికి జపాన్‌లో ముందుకు తెచ్చిన అంకె ఇది. తదమి రైలు మార్గంలో ఐజు-కవగుచి నుంచి తదమి దాకా 27.6 కిలోమీటర్ల ముక్క ఒకటి ఉంది. 2010లో ఆ ముక్క మీద సగటున రోజుకు ప్రయాణించింది అంతమందే. మరుసటి ఏడాది జూలై చివరి వారంలో కుండపోత వాన కురిసింది. తదమి నది ఉప్పొంగి మూడు వంతెనలను దెబ్బతీసింది. రైలు ఆగిపోయింది. ఆ ఊళ్లలో మళ్లీ రైలు కూత వినబడింది 2022 అక్టోబర్ 1న. అంటే పదకొండేళ్ల రెండు నెలలు! వరద వచ్చిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్ల, పన్నెండో తరగతికి వచ్చేదాకా తన ఊరి స్టేషన్‌లో రైలు ఆగడం చూడలేదు.

ఎక్కడో జపాన్ కొండల్లో తిరిగే ఒకటి రెండు పెట్టెల డీజిల్ రైలు గురించి సంపాదకీయం ఎందుకని పాఠకులు అడగవచ్చు. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే బుల్లెట్ రైలు గురించి రాయడానికి పెద్ద పత్రికలు చాలా ఉన్నాయి. ఆ వెలుగు కింద చీకట్లో మిగిలిపోయిన ఊళ్ల గురించి రాసేవాళ్లే తక్కువ. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకోటి ఉంది. ఒక ప్రాంతం దేశానికి ఏమిచ్చింది, దేశం దగ్గర ఏం తీసుకుంది అనే లెక్కను ఎవరు వేయాలి? ఏ గీత దగ్గర మొదలుపెట్టి ఏ గీత దగ్గర ఆపాలి? తదమి రైలు కథంతా ఈ ప్రశ్న చుట్టే తిరిగింది.

ముందుగా ఆ నేల గురించి నాలుగు మాటలు. ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లోని ఐజు-వకమత్సు పట్టణం నుంచి పక్కనే ఉన్న నీగత ప్రిఫెక్చర్‌లోని కొయిదె దాకా ఈ మార్గం పొడవు 135.2 కిలోమీటర్లు. ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటిదే గాని, అధికారాలు అంతకంటే తక్కువ. ఒకటే పట్టా. కరెంటు తీగ లేదు, డీజిల్ బండ్లే. రైలు తదమి నదిని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దాటుకుంటూ పోతుంది. చలికాలంలో మనిషి ఎత్తు దాటి మంచు పేరుకునే చోటు. దారిలోని కనెయమా అనే చిన్న పట్టణంలో జనాభా రెండు వేల లోపే. తదమిలో దాదాపు నాలుగు వేలు. ఉన్నవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ. చదువుకున్న పిల్లలు టోక్యోకో సెందాయ్‌కో పోతారు, తిరిగి రారు.

ఇంత తక్కువ జనం ఉన్న కొండల్లోకి అసలు రైలు ఎందుకొచ్చింది? జనం కోసం కాదు. ఆనకట్ట కోసం! యుద్ధంలో ఓడి బూడిదైన జపాన్‌కు కరెంటు కావాల్సి వచ్చింది. 1952లో ప్రత్యేక చట్టంతో ఒక విద్యుత్ అభివృద్ధి కంపెనీని పెట్టారు. దాని కన్ను తదమి నది మీద పడింది. నది పైభాగంలో ఒకుతదమి, దాని కింద తగొకురా అనే రెండు భారీ ఆనకట్టలు లేచాయి. తగొకురా ఆనకట్ట ఎత్తు 145 మీటర్లు, ఒకుతదమిది 157 మీటర్లు. తగొకురా ఆనకట్టకు సిమెంటు, ఇనుము, యంత్రాలు మోయడానికి ఐజు-కవగుచి నుంచి ఆనకట్ట దాకా ఆ కంపెనీయే 1957లో సొంత పట్టాలు వేసుకుంది. పని అయిపోయాక 1963లో తదమి దాకా ఉన్న ఆ పట్టాల మీద ప్రయాణికుల రైలు మొదలైంది. తర్వాత కొండను తొలిచి ఆరు కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వారు. 1971 ఆగస్టులో అటు నీగత వైపు మార్గంతో కలిపారు. అప్పుడే దానికి తదమి లైను అనే పేరు వచ్చింది.

ఇక ఆనకట్ట కింద ఏం పోయిందో చూడండి. తగొకురా అనేది ఒక ఊరి పేరు. యాభై ఇళ్ల ఊరు. నది ఒడ్డున సాగు చేసుకుంటూ, అడవిని నమ్ముకుని బతికిన జనం. పరిహారం కోసం ఏళ్ల తరబడి తండ్లాడి, చివరికి ఊరు వదిలారు. ఊరు నీళ్ల కింద పోయింది, పేరు మాత్రం ఆనకట్టకు మిగిలింది. పుట్టిన కరెంటు ఎటు పోయింది? కొండల మీదుగా వేసిన హైటెన్షన్ తీగ దక్షిణానికి, టోక్యో చుట్టూ ఉన్న కాంటో మైదానానికి పోయింది. ఈ నేటికీ ఒకుతదమి కేంద్రం సామర్థ్యం 560 మెగావాట్లు, తగొకురాది 400 మెగావాట్లు. రాజధాని మెట్రోలు, మేడలు, కార్ఖానాలు పెరిగింది ఇలాంటి కరెంటుతోనే.

ఇది పాత ముచ్చట అనుకోవద్దు. అదే ఫుకుషిమా ప్రిఫెక్చర్ సముద్ర తీరంలో టోక్యో కరెంటు కంపెనీ అణు విద్యుత్ కేంద్రాలు కట్టింది. ఫుకుషిమా ఇళ్లకు కరెంటు ఇచ్చేది వేరే కంపెనీ. అంటే అణు కరెంటు రాజధానిది, అణు ముప్పు ఫుకుషిమాది! 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చి ఆ కేంద్రం పేలినప్పుడు ఊళ్లు ఖాళీ చేసింది తీరంలోని జనమే. సరిగ్గా నాలుగున్నర నెలలకు పడమటి కొండల్లో వరద వచ్చి తదమి రైలు ఆగింది. తూర్పున అణు కరెంటు, పడమటన నీటి కరెంటు. రెండూ రాజధానికే. ఒకే ఏడాదిలో రెండు దిక్కులా ఆగమైంది మాత్రం ఒకే ప్రిఫెక్చర్.

ఐజు జనానికి రాజధానితో ఉన్న పంచాయతీ ఇవాళ్టిది కాదు. 1868 అంతర్యుద్ధంలో ఐజు సంస్థానం ఓడిన పక్షాన నిలబడింది. కోట కూలింది, వేలమంది నేల విడిచి పోవాల్సి వచ్చింది. గెలిచినవాళ్లు ఈశాన్య ప్రాంతాన్ని ఎట్లా చూశారో చెప్పే ఒక సామెత ఉంది. షిరకవ దాటి ఉత్తరానికి పోతే కొండకు కొండ వంద కాసులే అని దాని అర్థం. ఆ ఎగతాళినే బిరుదుగా చేసుకుని 1897లో సెందాయ్‌లో ఒక దినపత్రిక పుట్టింది. ఎగతాళి మాటలోని అక్షరాలనే తీసుకుని 'కహొకు షింపో' అని పేరు పెట్టుకుంది. ఇప్పటికీ నడుస్తున్నది. అవమానాన్ని మరిచిపోకుండా, దాన్ని నెత్తిన పెట్టుకుని నిలబడిన ఆ పత్రికకు మా సలాం.

ఇప్పుడు రైలు దగ్గరికి వద్దాం. ఒకప్పుడు జపాన్ రైల్వే ప్రభుత్వానిదే. 1987 ఏప్రిల్ 1న దాన్ని ఆరు ప్రయాణికుల కంపెనీలు, ఒక సరకు రవాణా కంపెనీగా విడగొట్టారు. అప్పటికి దాని అప్పు 37 లక్షల కోట్ల యెన్ పైమాటే. ఆ అప్పు పేరు చెప్పి 83 పల్లె మార్గాలను, మూడు వేల కిలోమీటర్లకు పైగా, జాతీయ రైల్వే నుంచి తీసేశారు. అందులో 45 మార్గాలు బస్సుల పాలయ్యాయి. తదమి మార్గంలో కూడా జనం తక్కువే. అయినా అప్పుడు బతికిపోయింది. కారణం మంచు! తదమి నుంచి నీగత వైపు పోయే కొండదారి చలికాలమంతా మూతపడుతుంది. రైలు తీసేస్తే వేరే దారి లేదు. అందుకని మినహాయించారు.

ఆ రోజుల్లో పాలక లిబరల్ డెమొక్రటిక్ పార్టీ జనానికి ఏం చెప్పిందో గుర్తు చేయాలి. 1986లో పత్రికల్లో ప్రకటన వేయించింది. ప్రైవేటు చేసినా భయం లేదని, రద్దు జాబితాలో చేరినవి తప్ప పల్లె మార్గాలు పోవని చెప్పింది. కాగితం మీద మాట ఇవ్వడానికి పాలకులకు ఖర్చేముంది? తూర్పు జపాన్ రైళ్లన్నీ జె.ఆర్. ఈస్ట్ కంపెనీకి దక్కాయి. టోక్యో నగర రైళ్లు, ఉత్తరానికి పోయే షింకన్‌సెన్ దాని చేతికే వచ్చాయి. 2002 నాటికి ప్రభుత్వం తన వాటాలన్నీ అమ్మేసింది. వరద వచ్చిన తర్వాతి ఏళ్లలోనూ ఆ కంపెనీ ఏటా వేల కోట్ల యెన్ లాభం చూసింది. 

ఇక్కడే లెక్క మతలబు ఉంది. లాభమంతా మొత్తం కంపెనీ పేరు మీద రాస్తారు. నష్టాన్ని మాత్రం ముక్కలు చేసి, ఏ ముక్క ఏ ఊరిదో పేరు పెట్టి రాస్తారు. టోక్యోలో కిక్కిరిసిన రైలు సంపాదన 'మాది', కొండల్లో ఖాళీ రైలు నష్టం 'మీది'! ఆ టోక్యో రైలు నిండడానికి ఆ కొండల పిల్లలు ఊరు విడిచి వచ్చారని ఏ పద్దులోనూ ఉండదు. ఆ మేడలకు వెలుగు తెచ్చిన నది ఏదో కూడా ఉండదు. 49 మంది అన్నది అబద్ధం కాదు. కానీ అది సగం కాగితం. మిగతా సగం చించేసి చూపిస్తే దాన్ని లెక్క అనరు.

వరద తర్వాత మార్గంలోని మిగతా భాగాలను 2012 నాటికి బాగుచేశారు. నడిమి ముక్కను మాత్రం వదిలేశారు. బస్సు పెట్టారు. బస్సే మేలు, రైలు కట్టినా నడపడం దండగ అనే ధోరణి కంపెనీది. తలా తోకా విడిపోయిన పాములాగా మార్గం రెండు ముక్కలై పడి ఉంది. వంతెనలు కట్టి బాగుచేయడానికి 810 కోట్ల యెన్ అవుతుందని అంచనా వేశారు. ఏళ్ల తరబడి చర్చలు నడిచాయి. చివరికి 2017 జూన్‌లో ఫుకుషిమా ప్రిఫెక్చర్‌కు, కంపెనీకి ఒప్పందం కుదిరింది. ఖర్చులో కంపెనీది మూడో వంతు, మిగతా రెండు వంతులు ప్రిఫెక్చర్, స్థానిక పాలక సంఘాలవి. లాభాల్లో ఉన్న కంపెనీ మార్గానికి సర్కారు సొమ్ము ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదన్నారు. జనం పట్టు విడవలేదు. 2018లో చట్టాన్నే సవరించారు. దేశ ఖజానా నుంచి కూడా వాటా వచ్చింది.

ఒప్పందంలో అసలు మాట ఇంకోటి. పట్టాలు, వంతెనలు, స్టేషన్లు ప్రిఫెక్చర్ సొంతం. రైలు నడపడం కంపెనీ పని. కింద ఉన్నది జనానిది, పైన తిరిగేది కంపెనీది. ఏటేటా పట్టాల నిర్వహణ ఖర్చు ప్రిఫెక్చర్ పది వంతుల్లో ఏడు, ఐజు ప్రాంతంలోని 17 పట్టణాలు, పల్లెలు కలిసి మూడు వంతులు భరించాలి. ఈ పదిహేడింటిలో తదమి రైలు ముఖం చూడని ఊళ్లూ ఉన్నాయి. అయినా సంచి విప్పాయి. మా దృష్టిలో ఈ కథలో తల ఎత్తుకుని చెప్పుకోవాల్సిన ముచ్చట ఇదే. ఇది ఒక పట్టణం రైలు కాదు, ఐజు ప్రాంతం రైలు అని ఆ ఊళ్లు అనుకున్నాయి. 

దీన్ని గెలుపు అనాలా? సగమే అంటాం. రైలు నిలబడింది, అది గెలుపు. కానీ ఎవరి జేబుకు చిల్లు పడింది? కరెంటు ఇచ్చినవాళ్లు, ఊళ్లు మునిగినవాళ్లు, అణు ధూళి మోసినవాళ్లు మళ్లీ తమ పన్నుల సొమ్ముతోనే తమ పట్టాలు కొనుక్కున్నారు. లాభాల కంపెనీ నష్టాల బరువు దించుకుని పైన రైలు నడుపుతున్నది. రాజధాని సర్కారు చట్టం సవరించి చేతులు దులుపుకున్నది. హక్కుగా రావాల్సింది వాయిదాల మీద కొనుక్కోవాల్సి వచ్చిందని చెప్పకపోతే అది వంచన అవుతుంది.

ఎదుటివాళ్ల వాదనను కూడా దాచం. రెండు వేల మంది ఊరికి వందల కోట్ల యెన్ పోసి రైలు ఎందుకు, ఆ డబ్బుతో ఆస్పత్రి వ్యాన్లు, బస్సులు నడపవచ్చు కదా అని జపాన్‌లోనే చాలామంది అడిగారు. తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు. ఆగిన ముక్కలో బస్సు పదకొండేళ్లు నడిచింది కూడా. అయితే మా జవాబు ఇది. రైలు బదులు బస్సు పెట్టిన చోట, కొన్నాళ్లకు బస్సుకూ 'రోజుకు ఎంతమంది' అనే కత్తి వేలాడుతుంది. బస్సును ఆపడానికి వరద అక్కర్లేదు, ఒక కాగితం చాలు. పట్టాలు ఉన్న ఊరు దేశపు పటంలో ఉంటుంది. పట్టాలు లేచిపోయిన ఊరికి పోస్టాఫీసు, బడి, ఆస్పత్రి ఒక్కొక్కటిగా లేచిపోవడం ఎన్ని చోట్ల చూడలేదు?

నమ్మకం లేకపోతే ఉత్తరాన హొక్కైడో దీవిలోని యూబరిని చూడండి. బొగ్గు ఊరు. 1892లో బొగ్గు కోసమే రైలు వచ్చింది. ఆ బొగ్గుతో దేశం కార్ఖానాలు నడుపుకుంది. 1990లో చివరి గని మూతపడింది. 2007 నాటికి పురపాలక సంఘం దివాలా తీసి కేంద్ర పర్యవేక్షణ కిందికి పోయింది. 2019 మార్చి 31న యూబరి రైలు కూడా ఆఖరి కూత వేసింది. మార్గాన్ని వదులుకుంటామని ముందుకొచ్చింది ఆ ఊరి మేయరే. బదులుగా బస్సులకు, ఇతర రవాణాకు సాయం అడిగాడు. చేతిలో చిల్లిగవ్వ లేని ఊరికి బేరం ఆడే బలం ఎక్కడిది? తవ్వుకున్నన్నాళ్లు రైలు, తవ్వడం అయిపోయాక బస్సు. అంతే.

ఇంకో వైపు కూడా చూడాలి. ఈశాన్య తీరంలో సన్‌రికు రైల్వే అని ఉంది. జాతీయ రైల్వే వదిలేసిన మార్గాలను తీసుకుని ఇవతె ప్రిఫెక్చర్, అక్కడి పట్టణాలు వాటాదారులుగా 1984లో నడపడం మొదలుపెట్టిన కంపెనీ. 2011 సునామీలో పట్టాలు, స్టేషన్లు కొట్టుకుపోయాయి. అయినా ఐదో రోజున, మార్చి 16న, మిగిలిన ముక్క మీద రైలు నడిపింది. టికెట్ లేకుండా ఎక్కించుకుంది. అయినవాళ్లను వెతుక్కుంటూ, బియ్యం మోసుకుంటూ జనం ఆ రైలెక్కారు. దేశ ఖజానా సాయంతో 2014 ఏప్రిల్‌కు తన మార్గమంతా నిలబెట్టుకుంది. సంపన్న కంపెనీ చేతిలోని మార్గానికి పదకొండేళ్లు, బీద కంపెనీ మార్గానికి మూడేళ్లు! తేడా వరదకూ సునామీకీ మధ్య లేదు. నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్న దగ్గర ఉంది.

తదమి ఒప్పందం ఇప్పుడు జపాన్ అంతటికీ నమూనా అయింది. 2022లో జె.ఆర్. వెస్ట్, జె.ఆర్. ఈస్ట్ కంపెనీలు తమ పల్లె మార్గాల నష్టాలను ముక్కముక్కగా బయటపెట్టాయి. 2023లో చట్టం మార్చారు. కంపెనీ గానీ స్థానిక సర్కారు గానీ అడిగితే, కేంద్రమే అందరినీ కూర్చోబెట్టి మార్గం ఉండాలా పోవాలా అని చర్చ పెడుతుంది. పశ్చిమాన గెయిబి మార్గంలోని ఒక ముక్క మీద 2024లో అలాంటి మొదటి కమిటీ కూర్చుంది. చర్చ మంచిదే. కానీ ఆ బల్ల మీద ఏ కాగితాలు పెడుతున్నారు? ప్రయాణికుల సంఖ్య ఒక్కటేనా? ఆ నేల నుంచి పోయిన నీళ్లు, కరెంటు, కలప, బొగ్గు, పిల్లలు.. వీటి కాగితాలు ఎవరు తెస్తారు? అడిగేవాడు లేకపోతే ఎవరూ తేరు.

అందుకే తదమి జనానికి దూరం నుంచే ఒక మాట చెప్పదలిచాం. రైలు వచ్చిందని పండుగ చేసుకున్నారు. పొలాల్లో, ఇళ్ల ముందు నిలబడి చేతులూపారు. తైవాన్ నుంచి కూడా జనం వచ్చి నది మీద వంతెన దాటే రైలును ఫొటోలు తీసుకుంటున్నారు. ఆకులు ఎరుపెక్కే కాలంలో నిలబడే చోటు దొరకదు. సంతోషమే. కానీ బాగుచేసిన ముక్క మీద నడుస్తున్నది రోజుకు మూడు జతల రైళ్లే. బడికి పోయే పిల్లకు, ఆస్పత్రికి పోయే ముసలమ్మకు ఆ వేళలు కుదరకపోతే, రైలు ఫొటోకే మిగులుతుంది. మంచు వల్ల బతికిన మార్గం మీద, అదే మంచు పేరుతో ఇటీవలి చలికాలాల్లో తదమి నుంచి నీగత వైపు రైళ్లు వారాల తరబడి ఆగిపోయాయి. దారి మూసిన కాలంలోనే రైలు కూడా మూస్తే, మినహాయింపు ఇచ్చిన కారణమే చచ్చిపోతుంది. పట్టాలు మీవైనప్పుడు వేళలు కూడా మీరే అడగాలి. మంచు తీసే ఖర్చులో కంపెనీ వాటా ఎంతో అడగాలి. పర్యాటకులు ఈ ఏడాది వస్తారు, వచ్చే ఏడాది ఇంకో చోటికి పోతారు. రైలును నిలబెట్టేది రోజూ ఎక్కేవాళ్లే.

విద్యార్థులు, ఉద్యోగులు అయిన మా పాఠకులు పద్దుల భాష తెలిసినవాళ్లు. ఎవరైనా ఒక ప్రాంతం ముందు నష్టాల కాగితం పెడితే మొదట అంకె చూడకండి. కాగితం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది చూడండి. పోయిన పద్దు రాసి ఇచ్చిన పద్దు దాచారేమో చూడండి. తదమి కొండల జనం ఆ దాచిన పద్దును పదకొండేళ్లు పట్టుబట్టి బల్ల మీదికి తెచ్చారు. పూర్తి న్యాయం దొరకలేదు, రైలు దొరికింది. రేపు పొద్దున కనెయమాలో ఒక పిల్ల బడి సంచి తగిలించుకుని ఆ రైలు కోసం నిలబడుతుంది. రోజుకు 49 మంది అన్న లెక్కలో ఆమె ఒక అంకె. ఆ నదిని ఇచ్చిన ఊరికి ఆమె వారసురాలు. ఆమెకు రైలు ఉండాలా వద్దా అని తేల్చే హక్కు టోక్యోలోని ఏ కంపెనీ పద్దు పుస్తకానికీ లేదు.